ఊరికే రాసిచ్చే కోడ్ ఎవరి జీతం తింటోంది?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో జావా డెవలపర్‌ని, ఐదేళ్ల అనుభవం. రెండేళ్లుగా రాత్రిళ్లు, వారాంతాల్లో ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి, అంటే ఎవరైనా ఊరికే తీసుకుని తమ ప్రోగ్రాముల్లో కలుపుకోగలిగేదానికి, కోడ్ రాస్తున్నాను. దాన్ని కొన్ని బ్యాంకులు కూడా వాడుతున్నాయి. నాకు పైసా రాదు. మా బావగారు పదహారేళ్లుగా ఒరాకిల్ డీబీఏ, అంటే క్లయింట్ల ఒరాకిల్ డేటాబేస్‌ని చూసుకునే ఉద్యోగి. ఆయన క్లయింట్ ఇప్పుడు ఒరాకిల్ తీసేసి ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి మారుతున్నాడు. టీమ్‌లో సగం మందిని ప్రాజెక్ట్ లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారు. బావగారి సంగతి ఇంకా తేలలేదు. పండక్కి అందరం కలిసినప్పుడు, "నీలాంటివాళ్లు ఊరికే రాసిపెట్టబట్టే మా ఉద్యోగాలు పోతున్నాయి" అనేశారు. నాకు నోట మాట రాలేదు. ఆయన అన్నది నిజమేనా? ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల మా అందరి జీతాలు తగ్గుతున్నాయా? నేను మానెయ్యాలా? మా కంపెనీకి తెలిస్తే ఇబ్బందా? మా చెల్లి కాకినాడలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది, తనకి ఏం చెప్పమంటారు? - పేరు వద్దు, కూకట్‌పల్లి

సమాధానం: మీ బావగారి మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగమే చూద్దాం. ఓపెన్ సోర్స్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఎక్కువగా దాటేసేది దాన్నే.

డబ్బు పెట్టి కొనే సరుకు పక్కన అదే పని చేసే ఉచిత సరుకు వచ్చి నిలబడితే, మొదటిదాన్ని తయారుచేసే కంపెనీకి దెబ్బ. దాన్ని అమ్మేవాళ్లకి దెబ్బ. దాని పేరు మీదే సర్టిఫికెట్లు తెచ్చుకుని, రెజ్యూమే మొదటి లైనులో ఆ పేరే రాసుకున్నవాళ్లకి ఇంకా గట్టి దెబ్బ. పెద్ద సర్వర్లని నడిపే సొలారిస్ అనే సాఫ్ట్‌వేర్‌ని చూసుకునే అడ్మిన్లంటే ఒకప్పుడు ఎంత గిరాకీయో ఆ తరం వాళ్లని అడగండి. అదే పని ఉచితంగా చేసే లైనక్స్ వచ్చాక ఆ ఉద్యోగాలు దాదాపు కనుమరుగయ్యాయి.

టెస్టింగ్‌లో జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. విన్‌రన్నర్, క్యూటీపీ, లోడ్‌రన్నర్ అనే, సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే టూల్స్ మెర్క్యురీ అనే కంపెనీవి. 2006లో హెచ్‌పీ ఆ కంపెనీని సుమారు 450 కోట్ల డాలర్లకు కొన్నది. అమీర్‌పేటలో క్యూటీపీ బ్యాచ్‌లకు జనం కిక్కిరిసిన రోజులవి. ఆ బేరానికి రెండేళ్ల ముందే, 2004లో, షికాగోలో థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ సెలీనియం మొదలుపెట్టాడు. అది ఉచితం. కొన్నేళ్లకి అవే ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద క్యూటీపీ బదులు సెలీనియం అని రాసుకున్నారు. క్యూటీపీ ఒక్కటే తెలిసినవాళ్లు ఇబ్బంది పడ్డారు, అందులో అబద్ధం లేదు. కానీ క్యూటీపీ రోజుల్లో రికార్డ్ బటన్ నొక్కి, వీబీస్క్రిప్ట్‌లో నాలుగు లైన్లు సరిచేసుకుంటే చాలావరకు పని గడిచిపోయేది. సెలీనియంలో ఫ్రేమ్‌వర్క్ అంతా మనమే కట్టుకోవాలి. జావానో పైథానో సరిగ్గా రావాలి. అంటే టూల్‌కి డబ్బు కట్టక్కర్లేదు గానీ, దాన్ని నడిపే మనిషికి అంతకుముందు కంటే ఎక్కువ పని తెలియాలి. కోడ్ నేర్చుకున్న టెస్టర్లు ఆటోమేషన్ ఇంజినీర్లయ్యారు, జీతాలూ పెరిగాయి. నేర్చుకోనివాళ్లు మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉండిపోయారు. ఒకే మార్పు, ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరికి రెండు రకాలుగా పనిచేసింది.

ఇక మీ బావగారి ఒరాకిల్ దగ్గరికి వద్దాం. ఒరాకిల్ డేటాబేస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్ట్ ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు. పైగా ఏటా అందులో 22 శాతం సపోర్ట్ ఫీజు. పార్టిషనింగ్ కావాలంటే వేరే, క్లస్టర్ కావాలంటే వేరే. పెద్ద కంపెనీలు బేరమాడి తగ్గించుకుంటాయనుకోండి, అయినా ఒక మోస్తరు బ్యాంకుకే ఈ బిల్లు కోట్లలో పడుతుంది. ఆ బిల్లులోంచి మీ బావగారికి ఇన్నేళ్లూ ఒక్క రూపాయి రాలేదు. ఆయన జీతం వచ్చేది క్లయింట్ మనిషికి ఇంతని కట్టే బిల్లింగ్‌లోంచి. ఇవి రెండూ వేరువేరు పద్దులు. లైసెన్స్ పద్దు రద్దయినంత మాత్రాన మనిషి పద్దు రద్దు కావాలని ఏమీ లేదు. డేటాబేస్ ఏదైనా రాత్రి రెండింటికి అది పడిపోతే లేపడానికి ఒకడు కావాలి.

విత్తనాలు ఊరికే పంచితే కూలీలకి పని పోదు. దుక్కి, నాట్లు, కోత అన్నీ ఉంటాయి. విత్తనాల కొట్టువాడికి బేరం పోతుంది. విత్తనం చవకైందని ఇంకో రెండెకరాలు వేసే రైతు కూడా ఉంటాడు. ఇక్కడ కొట్టువాడంటే ఒరాకిల్ కంపెనీ. అలాగని ఆ కొట్లో పనిచేసేవాళ్లు మనవాళ్లు కారా అంటే, అవును, మనవాళ్లే. ఒరాకిల్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. వాళ్ల జీతాలు లైసెన్సుల డబ్బులోంచే వస్తాయి. మీ బావగారు ఆ కోవలోకి రారు. ఆయన కొట్లో మనిషి కాదు, పొలంలో మనిషి.

మరి టీమ్‌లో సగం మందిని బెంచ్ మీద ఎందుకు కూర్చోబెట్టారంటే, డేటాబేస్ మార్పిడి జరిగేటప్పుడు క్లయింట్లు పనిలో పనిగా క్లౌడ్‌కి కూడా వెళ్లిపోతారు. బ్యాకప్, ప్యాచింగ్ లాంటివి క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది, దానికి నెలనెలా బిల్లు వేస్తుంది. డీబీఏ చేసే రోజువారీ పని అలా తగ్గిపోతుంది. ఒరాకిల్‌నే క్లౌడ్‌లో పెట్టుకున్నా ఆ పని తగ్గేదే. తిట్లు మాత్రం ఊరికే రాసిచ్చినవాళ్లకి పడుతున్నాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: అందరి జీతాలూ తగ్గుతున్నాయా? ఈ భయం మీతో మొదలైంది కాదు. 1976లో ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ కంప్యూటర్ సరదారాయుళ్లకి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ కంప్యూటర్ కొన్నవాళ్లలో దానికి మేం రాసిన బేసిక్ భాషని డబ్బిచ్చి కొన్నవాళ్లు పది శాతం కూడా లేరు, మేం పడ్డ శ్రమకి గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదు, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారు అన్నది దాని సారాంశం. ఆయన గొడవ కాపీ కొట్టేవాళ్ల మీద, సొంతంగా రాసి ఊరికే ఇచ్చేవాళ్ల మీద కాదు. సొంతంగా రాసి పంచిపెట్టడం ఒక ఉద్యమంగా మారింది 1980లలో, రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్‌తో. 1985లో గ్నూ అనే తన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ప్రకటనలో, ప్రోగ్రామర్లు ఆకలితో చావరా అన్న ప్రశ్నని ఆయనే వేసుకుని జవాబిచ్చాడు: చావరు, ఇప్పటంత డబ్బు రాకపోవచ్చు గానీ బతుకుతారు, సపోర్ట్ చేసి, నేర్పించి, అడిగినవాళ్లకి రాసిపెట్టి సంపాదించుకుంటారు. ఆయన కూడా ఈమ్యాక్స్ ఎడిటర్‌ని టేపులో పెట్టి 150 డాలర్లకి పంపించేవాడు.

ఆ తర్వాత నలభై ఏళ్లలో జరిగింది చూస్తే గేట్స్ భయమూ నిజం కాలేదు, స్టాల్‌మన్ ఒప్పుకున్న ఆ తగ్గుదలా రాలేదు. లైనక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ ఊరికే దొరికాయి కాబట్టే 2004లో హాస్టల్ గదిలో ఫేస్‌బుక్ మొదలుపెట్టగలిగారు. మన దగ్గర షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా తన వ్యాపారం మొత్తం ఓపెన్ సోర్స్ మీదే కట్టుకున్నానని బాహాటంగా చెప్పుకుంటుంది. లైసెన్సులు కొనడానికే కోట్లు కావలసి వస్తే ఇలాంటి కంపెనీల్లో చాలావాటిని మొదలుపెట్టేవాళ్లే ఉండరు. మొదలుకాని కంపెనీలో ఉద్యోగాలెక్కడివి? డెవాప్స్ (రాసిన కోడ్‌ని సర్వర్ల మీదికి ఎక్కించి నడపడం) అనే ఉద్యోగమే చూడండి. జెంకిన్స్, డాకర్, కుబర్నెటిస్ - దాని పనిముట్లన్నీ చాలావరకు ఓపెన్ సోర్స్‌లోంచి పుట్టినవే. ఆ బోర్డు మీద ఎంతమంది తెలుగు కుర్రాళ్లు డబ్లిన్ నుంచి డాలస్ దాకా బతుకుతున్నారో మీకూ తెలుసు.

జీతాల విషయంలో మనకున్న అసలు బాధ వేరు. సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకి పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఇంటి అద్దెలు ఆగలేదు, అదొక్కటే ఆగింది. లైనక్స్ ఫ్రీ కాబట్టి ఆగిందా? ఒక్కో ఖాళీకి ఎంతమంది క్యూలో ఉన్నారో చూడండి. రెండు రాష్ట్రాల్లో వందల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, అందరూ సీఎస్‌ఈయే కావాలంటున్నారు. కంపెనీకి మనిషిని తీసుకుని మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చి బిల్లింగ్‌లో పెట్టుకోవడం అలవాటు. అలాంటప్పుడు జీతం ఎందుకు పెంచుతుంది? ఎవరైనా మీ జీతాన్ని ఓపెన్ సోర్స్ తినేసిందంటే, ముందు మీ కంపెనీ మీ పేరు మీద క్లయింట్‌కి గంటకి ఎంత బిల్లు వేస్తోందో కనుక్కోమనండి.

ఇంకో మాట. "ఊరికే రాసిపెట్టేవాళ్లు" అని మీ బావగారు అన్నారు కదా, పోస్ట్‌గ్రెస్ రాస్తున్నది ఎవరో ఆయనకి తెలుసా? 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన అది. ఇప్పుడు దాని మీద ప్రధానంగా పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఎంటర్‌ప్రైజ్‌డీబీ, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఫుజిత్సు లాంటి కంపెనీల జీతగాళ్లు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కూడా అంతే, అందులో చాలా ఎక్కువ భాగం ఉద్యోగంలో భాగంగా రాసిందే. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విద్యార్థిగా సరదాకి మొదలుపెట్టినా, ఇప్పుడు లైనక్స్ ఫౌండేషన్ జీతం మీద ఉన్నాడు. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి రెడ్ హ్యాట్‌ని కొన్నది. ఎవరైనా దించుకుని వాడుకోగలిగే కోడ్ మీద బతికే కంపెనీకి ఆ ధర! కోడ్ కోసం అంత డబ్బు ఎవరూ పెట్టరు. ఆ కోడ్ తెలిసిన మనుషుల కోసం, వాళ్లని నమ్ముకుని సంతకాలు పెట్టిన కస్టమర్ల కోసం పెట్టారు.

అయితే జీతం లేకుండా, నిజంగానే ఊరికే రాసేవాళ్లు కూడా ఉన్నారు. మీరు ఆ బాపతు. నాకు మీ బావగారి కంటే మీ గురించే ఎక్కువ దిగులు.

2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ప్రపంచంలో సగం వెబ్‌సైట్లకి తాళం లాంటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో. అప్పుడుగానీ లోకానికి తెలియలేదు, దానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని, పూర్తికాలం పనిచేసేది ఒక్కడేనని. గూగుల్, ఫేస్‌బుక్, అమెజాన్ అన్నీ అప్పుడు పరిగెత్తుకొచ్చి నిధి పెట్టాయి. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీ వంతు. జావా వాళ్లకి ఆ వారం ఎలా గడిచిందో వేరే చెప్పక్కర్లేదు. మొత్తం ప్రపంచం కేకలు వేస్తుంటే దాన్ని రిపేర్ చేసింది వాలంటీర్లు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా ఘోరం. ఒక్క మనిషి ఏళ్ల తరబడి ఊరికే చూసుకుంటున్న చిన్న లైబ్రరీ అది. చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయి, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్ట్ అని ఆయన 2022లోనే చెప్పుకున్నాడు. సాయం చేస్తానని వచ్చిన ఒక దొంగ పేరు వ్యక్తి నమ్మకం సంపాదించుకుని అందులో దొడ్డిదారి పెట్టేశాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వబట్టి అది బయటపడింది. ఆయన పోస్ట్‌గ్రెస్ డెవలపర్ కూడా. మీ బావగారికి ఈ ఒక్క సంగతైనా చెప్పండి.

2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం, కంపెనీలు విరివిగా వాడే ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఒకసారి మళ్లీ మొదటి నుంచి రాయించాలంటే 415 కోట్ల డాలర్లు అవుతుందని, అదే వాడుకునే ప్రతి కంపెనీ తనకు తానుగా రాయించుకోవాల్సి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు అవుతుందని లెక్కగట్టింది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఉంది చూశారూ, అది వాడుకునేవాళ్ల జేబులో మిగిలిన డబ్బు. ఊరికే రాసినవాళ్ల జేబులోకి అందులోంచి ఏమీ రాదు. అన్యాయం ఎక్కడైనా జరుగుతోందంటే అది ఇక్కడ, మీ బావగారి సీటు దగ్గర కాదు.

కాబట్టి మానెయ్యాలా అంటే, వద్దంటాను. మీరు మానేస్తే బావగారి క్లయింట్ తిరిగి ఒరాకిల్ కొనడు. కానీ ఇప్పుడు చేస్తున్నట్టు మాత్రం చెయ్యకండి. మీ ఉత్తరంలో "బ్యాంకులు కూడా వాడుతున్నాయి" అని కొంచెం గర్వంగానే రాశారు. ఆ బ్యాంకుల ఇంజినీర్లు ఇష్యూ (తప్పుందన్న ఫిర్యాదు) పెట్టి అర్జెంట్ అంటే మీరు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నారా? కూర్చుంటుంటే అది ఈ రోజుతో ఆపండి. మీకు నచ్చిన ఫీచర్, మీరు నేర్చుకోవాలనుకున్నది, మీ సరదాకి చేసేది - అది మీది, ఎంతైనా రాసుకోండి. ఇంకొకడి ప్రొడక్షన్ సమస్యని వాడి గడువులోపు తీర్చడం ఉద్యోగం. దానికి డబ్బు అడగాలి. "చూస్తాను, ఎప్పటికవుతుందో చెప్పలేను. తొందరైతే సపోర్ట్ ఒప్పందం చేసుకుందాం" అని మర్యాదగా రాయండి. పదిమందిలో తొమ్మిదిమంది మళ్లీ మాట్లాడరు. మిగిలిన ఆ ఒక్కడి దగ్గరే బడ్జెట్ ఉంటుంది. అయితే డబ్బు తీసుకునే ముందు మీ కంపెనీ సంగతి తేల్చుకోవాలి, దానికి కిందకి వస్తాను.

జీతం పెంచుకోవడానికి ఇది పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. కానీ కోడ్ పంపిన రోజుల లెక్కగా గిట్‌హబ్ పేజీలో కనిపించే పచ్చ గళ్లు చూసి ఎవరూ జీతం పెంచరు. అపాచీ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ల జీతాల మీద కొందరు పరిశోధకులు చేసిన పనిలో తేలింది కూడా ఇలాంటిదే: ఎన్నిసార్లు కోడ్ పంపారన్నది జీతాన్ని కదిలించలేదు, ప్రాజెక్టులో ఏ స్థాయికి ఎదిగారన్నది కదిలించింది. రెండేళ్లయింది కదా, మీకు కమిట్ హక్కులు, అంటే కోడ్‌ని నేరుగా ప్రాజెక్టులో చేర్చే అధికారం, ఉన్నాయా? లేకపోతే అడగండి. రిలీజ్ ఒకటి మీ చేతుల మీదుగా చెయ్యండి. ఒక మాడ్యూల్‌కి బాధ్యత తీసుకోండి. ఇంటర్వ్యూలో "ఫలానా లైబ్రరీలో ఫలానా భాగం నాది, ఈ డిజైన్ నిర్ణయం నేను ఎందుకు తీసుకున్నానో ఈ చర్చలో ఉంది, చదువుకోండి" అనగలిగితే, సర్వీస్ కంపెనీ ఐదేళ్లు అనే ముద్ర చాలావరకు పోతుంది. ఆ లైబ్రరీ వాడే కంపెనీల జాబితా మీ దగ్గరే ఉంది. ఉద్యోగం వెతుక్కోవడం అక్కడి నుంచి మొదలుపెట్టండి, నౌకరీ సైట్ల నుంచి కాదు.

ప్రాజెక్టుకే డబ్బు తేవాలనుకుంటే, మన దేశంలోనూ ఇప్పుడు ఒకటీ అరా దారులున్నాయి. జెరోధా వాళ్లు 2024 అక్టోబర్‌లో ఫ్లాస్ ఫండ్ అని మొదలుపెట్టారు. ఏడాదికి 10 లక్షల డాలర్లు, ప్రపంచంలో ఎక్కడి ప్రాజెక్ట్ అయినా అడగొచ్చు. మీ ప్రాజెక్ట్ పెద్దలతో మాట్లాడి దరఖాస్తు పెట్టించండి. ఎలా వచ్చినా ఆ డబ్బు ఆదాయమే, ఐటీ రిటర్న్‌లో చూపించండి.

లైసెన్స్ గురించి కూడా ఒక ముక్క. ఎమ్‌ఐటీ, అపాచీ లాంటి లైసెన్సుల కింద ఇచ్చిన కోడ్‌ని ఎవరైనా తీసుకుని క్లౌడ్‌లో అమ్ముకోవచ్చు, మీకు చెప్పక్కర్లేదు కూడా. ఎలాస్టిక్, రెడిస్ లాంటి కంపెనీలు ఈ కోపంతోనే లైసెన్స్ మార్చాయి. వెంటనే అమెజాన్ లాంటివాళ్లు పాత కోడ్‌ని పట్టుకుని వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ రెండూ తర్వాత ఏజీపీఎల్ అనే గట్టి ఓపెన్ సోర్స్ లైసెన్స్ దగ్గరికి వచ్చి ఆగాయి. రేపు మీరు సొంతంగా ఏదైనా మొదలుపెడితే మొదటి రోజే దీని గురించి ఆలోచించండి. ఇప్పటి లైబ్రరీకి ఇది మీ ఒక్కరి చేతిలో లేదు, వదిలేయండి.

ఇక కంపెనీ. మీరు నాలుగో ప్రశ్నగా అడిగారు గానీ ఇదే మొదట చూసుకోవాల్సింది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానేనని మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు పనికి సంబంధం లేకుండా రాసింది మామూలుగా అందులోకి రాదు. కానీ మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన అపాయింట్‌మెంట్ కాగితాలు ఈ గీతని ఎక్కడ గీశాయో చదివారా? చాలా కంపెనీల కాగితాల్లో ఉద్యోగకాలంలో సృష్టించిన ప్రతిదీ మాదేనని, బయటి పని ఏదైనా ముందు అనుమతి తీసుకోవాలని ఉంటుంది. 2022లో పోటీ కంపెనీలకి రహస్యంగా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసినప్పటి నుంచి హెచ్‌ఆర్ వాళ్లు ఈ విషయంలో మరీ చురుగ్గా ఉన్నారు. మీది వేరే కేసే. డబ్బు లేదు, పోటీ లేదు. అయినా వాళ్లకి వేరేచోట తెలియడం కంటే మీరు చెప్పడం మేలు.

మేనేజర్‌తో నోటిమాటగా అయిందనిపించకండి. ఆయన రేపు ఇంకో ప్రాజెక్ట్‌కి పోతాడు. మెయిల్ పెట్టండి: ప్రాజెక్ట్ పేరు, దాని లైసెన్స్, ఆఫీసు సమయం, మెషీన్, క్లయింట్ కోడ్ ఏవీ వాడటం లేదని, ప్రతిఫలం తీసుకోవడం లేదని, కొనసాగడానికి అనుమతి కావాలని. కొన్ని పెద్ద కంపెనీల్లో దీనికోసం ఓపెన్ సోర్స్ ఆఫీసు అనే విభాగమే ఉంటుంది, మీ దాంట్లో ఉందేమో కనుక్కోండి. జవాబు వచ్చేదాకా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ కోడ్ ఉండే రిపాజిటరీని తెరవకండి కూడా. ఆఫీసు మెయిల్ ఐడీతో ఒక్క కమిట్ కూడా వెళ్లకూడదు. ఇప్పటికే వెళ్లి ఉంటే మెయిల్ పెట్టేముందు ఉద్యోగ ఒప్పందాలు చూసే లాయర్‌కి ఒకసారి కాగితాలు చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

బావగారి విషయానికి వస్తే, ఆయన ఇప్పుడున్నది పదహారేళ్లలో ఆయనకి దొరికిన మంచి అవకాశాల్లో ఒకటి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఆయనకి చెబుతున్నట్టు లేదు. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారడమంటే డేటా ఎత్తి పోయడం ఒక్కటే కాదు. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే నల్ (విలువే లేదని), పోస్ట్‌గ్రెస్‌లో రెండూ వేరు. ఈ ఒక్క తేడా వల్ల ఎన్ని రిపోర్టులు తప్పు లెక్కలు చూపిస్తాయో ఆయన్ని అడగండి, కళ్లు మెరుస్తాయి. ఒరాకిల్ డేట్‌లో టైమ్ కూడా ఉంటుంది, ఇక్కడ ఉండదు. ఒరాకిల్ సొంత భాష పీఎల్ ఎస్‌క్యూఎల్‌లో రాసే ప్యాకేజీలు పోస్ట్‌గ్రెస్‌లో లేవు, వాటిని విడగొట్టి మళ్లీ రాయాలి. కనెక్ట్ బై క్వెరీలన్నీ తిరగరాయాలి. ఓరాటుపీజీ అని మార్పిడికి ఉచిత టూల్ ఉంది, అది తేలికైన భాగం చేసిపెట్టి కష్టమైనదాన్ని మనిషికి వదిలేస్తుంది. ఆ మనిషికి ముందు ఒరాకిల్ బాగా తెలిసి ఉండాలి. నిన్న పోస్ట్‌గ్రెస్ కోర్సు చేసి వచ్చిన కుర్రాడి వల్ల అయ్యే పని కాదు.

ఆయన మూడు నెలలు కూర్చుంటే చాలు. పాత డేటా చెత్తని ఊడ్చే వ్యాక్యూమ్ ఎందుకు ఉంది, ట్రాన్సాక్షన్ నంబర్లు అయిపోతే ఏమవుతుంది, బ్యాకప్‌కి ఆర్‌మ్యాన్ స్థానంలో పీజీబ్యాక్‌రెస్ట్, ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకోవడానికి డేటా గార్డ్ స్థానంలో పాట్రోని - ఇవి పట్టుబడితే మిగతాదంతా ఆయనకి వచ్చిందే. లాక్‌లు, ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లు, ఇండెక్స్‌లు ఏ డేటాబేస్‌లోనైనా అవే. బెంచ్ మీదికి పంపేదాకా ఆగకుండా, మార్పిడి టీమ్‌లో వేయమని తనే అడగాలి. ఈ మాట మీరు చెబితే గొడవవుతుంది. మీ అక్కతో చెప్పించండి, లేదా ఈ పేజీ కనిపించేలా పెట్టండి.

చివరికి మీ చెల్లి. వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో ఇంకా నీలం రంగు టర్బో సీ తెర కనిపిస్తుంటే నేనేం ఆశ్చర్యపోను. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో అది ఇంకా బతికే ఉంది. 1987 నుంచి ఊరికే దొరుకుతున్న జీసీసీ అనే సీ కంపైలర్‌ని పక్కన పెట్టి ఎప్పుడో ఆగిపోయిన దాన్ని ఎందుకు పట్టుకు వేలాడుతున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంట్లో లైనక్స్ వేసుకోమనండి. గిట్, ఎస్‌క్యూఎల్, ఏదో ఒక భాష గట్టిగా. ఏఐ కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఫ్రెషర్‌కి విలువ రాయడంలో కంటే, ఇంకొకరు రాసిన లక్ష లైన్లలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడంలో ఎక్కువ ఉంది. అది నేర్పే కాలేజీ నాకు తెలిసి లేదు. తెరిచి ఉంచిన కోడ్ మాత్రం కావలసినంత ఉంది.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దనండి. ఓపెన్ సోర్స్‌కి కోడ్ పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, ఆ టీషర్ట్ కోసం జనం రీడ్‌మీ ఫైళ్లలో ఒక పదం చేర్చి వేలకొద్దీ చెత్త పంపితే, నిర్వాహకులు నిబంధనలే మార్చాల్సి వచ్చింది. అందులో మన దేశపు విద్యార్థులు తక్కువేం లేరు. ప్రాజెక్టుల్ని చూసుకునే మెయింటైనర్లకి ఆ పేర్లు గుర్తుంటాయి. మీ చెల్లి రోజూ వాడే చిన్న టూల్ ఒకటి ఎంచుకుని, దాన్ని తన మెషీన్ మీద బిల్డ్ చేసుకుని, నిజంగా తనని విసిగించిన ఒక్క బగ్ సరిచేస్తే చాలు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లో దరఖాస్తులు తీసుకుంటారు, స్టైపెండ్ ఇస్తారు. అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కూడా చూడమనండి, అందులో 7,000 డాలర్లు ఇస్తారు. రెండింటికీ ముందే కొంతకాలం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో తిరిగి ఉంటే మేలు కాబట్టి ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టమనండి. మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపే ముందు మీరు ఒకసారి రివ్యూ చెయ్యండి, ఇంట్లోనే తెలిసినవాళ్లు ఉండి బయటివాళ్ల చేత చీవాట్లు తినిపించడం దేనికి?